ప్రతి పంక్తి చివరా ఒక ఎంటరు

1994లో నిజామాబాద్ పట్టణంలోని ఒక సహకార ముద్రణాలయంలో డి.టి.పి. (కంప్యూటరు అక్షరకూర్పు) విభాగానికి ఇన్‌చార్జిగా నన్ను నియమించారు. ఆ ఉద్యోగంలో నేను ఎదుర్కొన్న అన్యాయాలు పలు రకాలు. వాటిలో ఒకే వ్యవహారానికి సంబంధించినవి తేదీల వారీగా ఇవి:

1995 జూలై. సీసపు అక్షరాల నుంచి కంప్యూటరుకు మారిన కంపోజిటర్లకు టైపింగుతో పాటు పేజీ అమరిక కూడా నేర్పించాలని నేను పెట్టిన దరఖాస్తు "అవసరం లేదు" అన్న ఒక్క మాటతో తిరిగి వచ్చింది.

1997 అక్టోబరు. నేను ఊళ్లో లేని సమయంలో, నన్ను సంప్రదించకుండా, నా విభాగపు ఆపరేటరు మేరీకి మెమో ఇచ్చారు.

అదే నెల. ఆ మెమోకు ఆధారం లేదని నిరూపిస్తూ నేను సమర్పించిన నివేదికను, అందినట్టు సంతకమైనా లేకుండా, పక్కన పెట్టారు.

1998 జనవరి. మేరీ ఒప్పందాన్ని పొడిగించలేదు. ఆమె అనుభవ ధ్రువపత్రంలో "పనిలో అశ్రద్ధ" అన్న మాట చేర్చారు.

2003 మార్చి. నా పదవీ విరమణ సందర్భంగా మళ్లీ ఇచ్చిన వినతికి నేటి వరకు జవాబు లేదు.

ఇక జరిగినది చెబుతాను. ఈ వృత్తి తెలియని పాఠకులకు కూడా అర్థం కావాలని అవసరమైన చోట వివరణ ఇస్తున్నాను.

బోధన్ నుంచి రెంజల్ వెళ్లే దారిలో ఒక ఊరి మెథడిస్టు సంఘం తమ చర్చి చరిత్రను, ఆరాధనలో పాడుకునే పాటలను కలిపి పుస్తకంగా అచ్చు వేయించదలచింది. కోత పండుగ నాడు, అంటే రైతులు తొలి పంటను చర్చికి తెచ్చి అర్పించే ఆదివారం నాడు, దానిని ఆవిష్కరించాలని నిర్ణయం. సంఘ పెద్ద యేసుదాసు చెరకు రైతు. రాతప్రతిని ఆయనే స్వయంగా తెచ్చి ఇచ్చారు. మేరీ కూడా ఆ సంఘపు బిడ్డే. ఆమె తాత పేరు ఆ చరిత్రలో ఒకటికి రెండు చోట్ల వస్తుంది.

టైపు చేసినది మేరీ కాదు, గంగారాం. ఆయన ముద్రణాలయం పుట్టినప్పటి నుంచి ఉన్న కంపోజిటరు, సహకార సంఘంలో వాటాదారు కూడా. చేతి కంపోజింగు ఆగిపోయాక కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్థానాలు నేర్చుకుని, మా అందరికంటే వేగంగా టైపు చేసేవాడు. ఆయన టైపు చేసిన దానిని పేజ్‌మేకర్‌లో పేజీలుగా అమర్చడం, దిద్దడం, అచ్చు ప్లేటు తయారీకి ట్రేసింగు కాగితం మీద ప్రింటు తీయడం మేరీ పని. ఆమెది ఏటేటా పొడిగించే తాత్కాలిక ఒప్పందం.

మొదటి ప్రూఫు చర్చికి వెళ్లింది. వృద్ధ స్త్రీలు దానిని చేతిలోకి తీసుకుని తిరిగి ఇచ్చేశారు. "అక్షరాలు చీమల లెక్కున్నయి, గివి సదువుకుంట పాడాలంటె పండుగ అయిపోతది," అన్నారట. యేసుదాసు వచ్చి అక్షరాలు పెద్దవి చేయమన్నారు. న్యాయమైన కోరికే. నేను మరో పుస్తకం అచ్చు ఫిల్ముల కోసం హైదరాబాదు వెళ్లి ఉండగా మేరీ మొత్తం పాఠాన్ని ఎంపిక చేసి అక్షరాల పరిమాణాన్ని పన్నెండు పాయింట్ల నుంచి పద్నాలుగుకు పెంచింది.

పుస్తకం చెదిరిపోయింది. ఒక నిండు పంక్తి, దాని కింద ఒంటరిగా రెండు మాటలు. మళ్లీ నిండు పంక్తి, మళ్లీ రెండు మాటలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇదే వరుస. పాటలలో చరణాలు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియలేదు.

మా మేనేజరుకు కంప్యూటరు గురించి తెలిసిన మాట ఒక్కటే, వైరస్. బయటి ఫ్లాపీ వాడి వైరస్ ఎక్కించిందని మేరీకి మెమో రాశాడు. అంతటితో ఆగక, వచ్చి ఉన్న యేసుదాసుతో అందరి ముందూ, "మీ పిల్లే మీ పుస్తకం ఖరాబు చేసింది," అన్నాడు. ఆ పెద్దమనిషి మేరీ వైపు చూసి, "మన పుస్తకమని నీ చేతుల పెడ్తే గిట్లయిందేంది బిడ్డా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారని తరువాత తెలిసింది.

నేను తిరిగి వచ్చేసరికి మేరీ తన కుర్చీలో కాక గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కంప్యూటరు ముట్టుకోవద్దని ఆజ్ఞ అయిందట. "పాయింటు పెంచిన సార్, గంతే. ఇంకేం ముట్టలే. ఉద్యోగం పోతె పోనీ, ఆదివారం చర్చిల ఎట్ల కూసోవాలె?" అన్నది.

లోపం కనిపించినప్పుడు దానికి కారణం ఊహించకూడదు, పరీక్షించాలి. ఇది నా నియమం. గంగారాం టైపు చేసి ఇచ్చిన అసలు ఫ్లాపీ నా బీరువాలో భద్రంగా ఉంది. మేరీకి ఇచ్చినది దాని నకలే, అసలును ఆమె తాకలేదు. ఆ అసలుకు మరో నకలు తీసి, ఆమె ఎన్నడూ వాడని కంప్యూటరులో తెరిచి, నేనే పాయింట్లు పెంచాను. పంక్తులు అదే విధంగా విరిగాయి. తరువాత మేరీ ఫైలును తిరిగి పన్నెండు పాయింట్లకు తగ్గించాను. ప్రతి పంక్తీ యథాస్థానానికి చేరింది. ఇంత విధేయత గల వైరస్‌ను నా సర్వీసులో చూడలేదు.

అప్పుడు స్టోరీ ఎడిటరు తెరిచాను. అమరిక ఏదీ లేకుండా పాఠాన్ని మాత్రమే చూపించే కిటికీ అది. అందులో, పేజీ మీద కనిపించని గుర్తులను కూడా కనబడేట్టు చేయవచ్చు. ఎంటరు కొట్టిన ప్రతి చోటా ఒక పేరా గుర్తు వస్తుంది. పేరా చివర మాత్రమే ఉండవలసిన ఆ గుర్తు ప్రతి పంక్తి చివరా ఉంది. అక్షరాలు పెద్దవి కాగానే పంక్తిలో పట్టని రెండు మాటలు కిందికి జారాయి, వాటి వెనుకే ఎంటరు ఉండడంతో తరువాతి మాటలు మరో పంక్తికి పోయాయి.

గంగారామును పిలిచి చూపించి, ప్రతి పంక్తికీ ఎంటరు ఎందుకని అడిగాను. ఆయన ఆశ్చర్యం ఆ గుర్తులను చూసి కాదు, నా ప్రశ్న విని.

"అగో, గిదేం ముచ్చట సార్! లైను నిండినంక లైను మూయకుంటె అక్షరాలు కింద రాలవా?"

"కాకా, గిది కంప్యూటరు. ఇందుల అక్షరాలు రాలయి," అన్నది మేరీ స్టూలు మీది నుంచే.

"రాలయా? మరి పేజీలన్ని గిట్ల రాలిపడ్డయేంది బిడ్డా?"

మెమో అందిన తరువాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ఆయన మాటలో తప్పు లేదు. చేతి కంపోజింగులో అక్షరాలను స్టిక్కు అనే ఇనుప పట్టీలో పేర్చి, పంక్తి నిండగానే ఖాళీని సీసపు ముక్కలతో బిగించాలి. బిగించకపోతే పంక్తి కూలిపోతుంది. ఆయన చేతులు జీవితమంతా చేసిన పని అది. కంప్యూటరులో పంక్తిని యంత్రమే విరుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పించమని నేను పెట్టిన దరఖాస్తు సంగతి పైన రాశాను.

బాగు చేయడానికి సులువైన మార్గం ఒకటుంది. ఎంటరులన్నింటినీ ఒక్క ఆజ్ఞతో ఖాళీలుగా మార్చవచ్చు. అలా చేస్తే పేరాలన్నీ కలిసిపోతాయి, పాటలు వచనమవుతాయి. కనుక ముందుగా ఫైలును వేరే పేరుతో భద్రపరచి, పాటలను విడిగా మరో ఫైలులోకి తీయించాను. వచనంలో గంగారాం పాత అలవాటే మాకు తోడ్పడింది. సీసంలో పేరా మొదట ఒక ఖాళీ ముక్క పెట్టినట్టే, ఇక్కడ రెండు ఖాళీలు కొట్టేవాడు. కాబట్టి ఎంటరు తరువాత రెండు ఖాళీలు ఉంటే అది నిజమైన పేరా. అటువంటి చోట్ల తాత్కాలికంగా ఒక వింత గుర్తు పెట్టించాము. మిగిలిన ఎంటరులను ఖాళీలుగా మార్చి, ఆ వింత గుర్తులను మళ్లీ ఎంటరులుగా మార్చాము. వచనానికి ఒకటి, పాటలకు ఒకటి చొప్పున స్టయిల్ అనే ముందస్తు నిర్ణయాలు ఏర్పరిచాము. ఆపై అక్షరాల పరిమాణం మార్చాలంటే స్టయిల్‌లో ఒక్కసారి మారిస్తే చాలు.

ఒక చిక్కు మిగిలింది. పంక్తి చివర గంగారాం మాటను విరిచిన చోట్ల ఇప్పుడు మాట మధ్యలో ఖాళీ వచ్చింది. దానిని యంత్రం గుర్తించలేదు, చదివి పట్టుకోవాలి. మేనేజరు ఆజ్ఞను నా బాధ్యత మీద పక్కన పెట్టి, మేరీని ఆమె కుర్చీలో కూర్చోబెట్టాను. గంగారాం పక్కన కూర్చుని పైకి చదివాడు, ఆమె దిద్దింది. ఆమె తాత పేరు దగ్గర ఖాళీ కనిపించగానే, "మీ తాతను రెండు తుకడలు చేసిన బిడ్డా, జల్ది అతికియ్యి," అన్నాడు గంగారాం.

మర్నాడు నివేదికతో మేనేజరు గదికి వెళ్లాను. చదివి, "ఎవరిదో ఒకరి పేరు ఉండాలె గద, పేరు లేని తప్పు ఉంటదా?" అన్నాడు. పంక్తులు మూసినది గంగారామే అయినా తప్పు శిక్షణది కనుక, యాజమాన్యం పేరు రాసుకోమన్నాను. ఇంతలో గంగారాం తనంతట తానే లోపలికి వచ్చాడు. "ఎంటర్లు నావి సార్. పోరిది కాదు. రాస్తె నాకు రాయి మెమో," అన్నాడు. మేనేజరు, "నువ్వు వాటాదారువు గంగారాం, పోయి పని చూసుకో," అన్నాడు. ఇక మెమో ఎవరిదో నాకు అర్థమైంది. యాజమాన్యం పేరు రాయరు, వాటాదారుకు ఇవ్వరు. తాత్కాలిక ఉద్యోగికి ఇచ్చినది ఉండిపోయింది.

పుస్తకం కోత పండుగకు అందింది. నేను వెళ్లి యేసుదాసుతో జరిగినది వివరంగా చెప్పాను. ఆయన మేరీని పిలిచి మొదటి ప్రతి ఆమె చేతిలోనే పెట్టారు. చర్చి సంఘంలో ఆమె మాట నిలిచింది. ముద్రణాలయంలో నిలవలేదు. ఆ ధ్రువపత్రం కారణంగా ఆమెను రెండు చోట్ల ఉద్యోగానికి తీసుకోలేదు. చివరికి బోధన్‌లో సొంతంగా పెండ్లి కార్డుల పని పెట్టుకుంది. అక్కడ పని నేర్చుకోవడానికి వచ్చేవారికి ఆమె మొదట చెప్పేది ఎంటరు ఎక్కడ కొట్టకూడదో.

ఈ వ్యవహారం నాకు నేర్పినది ఇది. పనిముట్టును మార్చి, చేతులకు శిక్షణ ఇవ్వకపోతే, పాత పనిముట్టు నేర్పిన మంచి అలవాటే కొత్త పనిముట్టులో లోపమవుతుంది. ఆ లోపం పుట్టిన చోట బయటపడదు. దానిని చివరగా తాకిన మనిషి చేతిలో బయటపడుతుంది. బయటపడిన చోటునే కారణంగా భావించడం విచారణ కాదు.

కనుక సదరు ముద్రణాలయపు ప్రస్తుత కార్యవర్గాన్ని నేను అడుగుతున్నది: 1997 అక్టోబరు నాటి మెమో ఇప్పటికీ అమలులో ఉన్నదా, లేదా? ఉంటే ఏ ఆధారం మీద? లేకపోతే, "పనిలో అశ్రద్ధ" అన్న మాట తొలగించి మేరీకి కొత్త ధ్రువపత్రం ఎప్పుడు ఇస్తారు? ఈ ప్రశ్నలకు లిఖితపూర్వకంగా, బాధ్యుల సంతకంతో, మేరీ పేరిట సమాధానం ఇవ్వవలెను. నోటి మాటను సమాధానంగా స్వీకరించబోము.