ఫోటో లేని తల్లి

ఫోటోలను ముక్కలుగా కత్తిరించి, మధ్యలో చిన్న చిన్న అట్టలు పెట్టి, పొర మీద పొరగా అతికించి మనిషి ముఖం కూర్చడం నా సరదా. ఒక ముఖంలో ఎంతమంది పోలికలు దాక్కున్నాయో చూడాలని నాకు తగని ఆరాటం. మా కరీంనగర్ ఇంటి పక్కన బీడీలు చుట్టే అక్క ఒకసారి ఆ బొమ్మలను చూసింది. "చెల్లే, మా అవ్వది ఒక్క ఫోటో లేదు. నాకు ఎనిమిదేండ్లప్పుడే సచ్చిపోయింది. ఇప్పుడు మొఖం గూడ మర్సిపోతున్న. నువ్వు జేస్తవా?" అని అడిగింది.

ఫోటోయే లేని తల్లిని ఎక్కడ కత్తిరించేది? అయినా ఎలా వస్తుందో చూద్దామని సరేనన్నాను. ఆమె చొప్పదండిలో ఉన్న తన తల్లి చెల్లెలైన చిన్నమ్మ ఫోటో, దుబాయిలో ఉన్న అన్న ఫోటో, తన ఫోటో తెచ్చింది. మూడూ పాస్‌పోర్టు ఫోటోలే. మావైపు ఏ ఇంట్లో అడిగినా ముందు బయటికొచ్చేవి అవే. చెవులు కనబడాలి, నవ్వు కనబడకూడదు. నుదురు వాళ్లన్నది, ముక్కు చిన్నమ్మది, గడ్డం తనది అని ఆమె చెప్పినట్టే పదిహేను రోజులు కూర్చి, గొప్పగా తీసుకెళ్లి చూపించాను.

బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నది గని, గీమె మా అవ్వ కాదు చెల్లే."

నాకు ఒళ్లు మండింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముక్కు తేడానా, కళ్లు తేడానా చెప్పమని నిలదీశాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు సిగ్గేసింది. మెల్లగా, "అవ్వ యాదికొస్తె ముందుగాల ఏం కనవడ్తది అక్కా?" అని అడిగాను.

"తల వంచుకొని బీడీలు చుట్టేది. చాట ఒళ్లె ఉండేది. నేను పక్కన పండుకొని సూస్తుంటి. ఎంత పిలిసినా తల లేపకపోయేది."

అలాంటి తల్లిని నేను పాస్‌పోర్టు ఆఫీసుకు పంపేదానిలా తయారుచేశాను! అతికించినవన్నీ ఊడదీశాను. మర్నాడు అక్క బీడీలు చుడుతుంటే పక్కన నేల మీద పడుకుని, చిన్నప్పుడు ఆమె చూసిన చోటు నుంచి ఫోటోలు తీశాను. అడుగు పొరలో చిన్నమ్మ ముక్కూ చెంపా. దాని మీద అక్క వంచిన తల. అన్నిటికన్నా పైన చాట, చేతులు. సగం ముఖం చాట వెనక్కి పోయింది.

ఈసారి అక్క పోలికలు వెతకలేదు. బొమ్మను బల్ల మీద నిలబెట్టి తాను కింద కూర్చుంది. చాటకూ ముఖానికీ మధ్య ఉన్న సందులోకి మెడ వంచి తొంగిచూసింది.

"అవ్వా, జర ఇటు సూడే" అంది.