పాలు ఎవరి కోసం మానేశావు?

వికారాబాద్‌లో రైలెక్కాక చాయ్ వద్దన్నాను. దూడలకు దక్కాల్సిన పాలు మనం తాగడం తప్పనిపించి మానేశాను.

"పాలు ముట్టను" అనగానే పక్కనున్న పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు పోయిండ్రు బిడ్డా? నా కొడుక్కు పాలంటే పానం. వాడు పోయినంక వాని పేరు మీద నేనూ ఇడిసిన. బర్లను పిండుత, అమ్ముత. నోట్ల మాత్రం పోసుకోను."

ఎవరూ పోలేదని, దూడల కోసమని చెప్పాను. ఆమె నా ఒళ్లో నిద్రపోతున్న మూడేళ్ల పాపను చూసింది.

"గీ పిల్లకన్న తాపుతున్నవా?"

"లేదు. దానికీ మాన్పించాను."

"బతికున్న పిల్లకెందుకు బంద్ జేసినవ్?"

 తాండూరులో దిగేముందు ఆమె పాప తల నిమిరింది.

దూడల మీద జాలి ఇప్పటికీ పోలేదు. కానీ పాప నిద్రపోయాక, ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.