అప్పలరాజు మీదికి నెట్టిన తప్పు

పదకొండేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. నిన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. ఉప్పల్లో ఉండే సైన్సు సారు యాదన్న, మేం నలుగురం కలిసి సముద్రపు తాబేళ్లను కాపాడే చిన్న సంఘం పెట్టాం. సముద్రం లేని ఊళ్లో ఇదేం పిచ్చి అని నవ్విన వాళ్లున్నారు. సెలవు దొరికితే చాలు, సికింద్రాబాదులో రైలెక్కి ఒక తీరపు పల్లెకి వెళ్లేవాళ్లం. తాబేళ్లు ఇసుకలో పెట్టిన గుడ్లను తెచ్చి, కంచె వేసిన చోట మళ్లీ పాతి, పిల్లలయ్యాక నీళ్లలో వదలడం మా పని. నిజానికి అది అప్పలరాజు పని. ఆ ఊరి జాలరి. గుడ్లెక్కడున్నాయో ఇసుక చూసి చెప్పేవాడు. ఒకప్పుడు వాటిని తిన్నవాడే. మా మాట నమ్మి ఊరంతటి చేతా మాన్పించాడు. కంచెకి కాపలా కూడా ఆయనే.

పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం కంచె లోపల ఇసుక వేడి ఎంతుందో కొలిచింది నేను. ఫోనొచ్చింది. మాట్లాడుతూ బయటికొచ్చేశాను. కంచె తలుపు మూసి తీగ చుట్టలేదు. పొద్దున చూస్తే కుక్కలు గూళ్లన్నీ తవ్వేశాయి. అప్పలరాజు మోకాళ్ల మీద కూర్చుని, ఏదైనా బతికుందేమోనని ఒక్కో గుడ్డునీ తిప్పి చూస్తున్నాడు.

యాదన్న నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, నిజం జెప్పు. తలుపు కట్టే వచ్చినవా?"

"కట్టిన అన్న. నా తర్వాత అప్పలరాజే లోపలికి పోయిండు."

ఆ రెండో మాట ఎవరడిగారు? మొదటిదానితో ఆగి ఉంటే వట్టి పిరికిదాన్ని అయ్యేదాన్ని.

ఇక రానక్కర్లేదని యాదన్న చెబితే అప్పలరాజు వాదించలేదు. నా వైపు ఒకసారి చూశాడు. తెలిసే ఊరుకున్నాడా? లేక నిజంగానే తను తలుపు తీసి మరిచిపోయానేమోనని తనను తానే అనుమానించుకున్నాడా? ఈ రెండోదే నన్ను ఎక్కువగా వేధిస్తుంది. మరుసటేడు ఊళ్లో ఒక్కరూ మాతో రాలేదు. గుడ్లు మళ్లీ అమ్ముడవుతున్నాయని విన్నాం. ఆ తీరం వదిలేశాం.

ఇప్పుడు సంఘం చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. ఆ తీరం గురించి రాసే పని నాకే వచ్చింది. "కాపలాదారు అజాగ్రత్త వల్ల" అని మొదలుపెట్టి, నాలుగు రోజులు అక్కడే ఆగిపోయాను. అచ్చులో పడితే ఇక అదే నిజం. నిన్న ఆ వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాను. అందులో నా పేరుంది. ఇక్కడ మాత్రం ఇంకా పెట్టలేకపోతున్నాను.

కాగితాలు యాదన్న ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. తన నోటితో ఆ మనిషిని వెళ్లగొట్టించావు గదా అని మాత్రం అన్నాడు. తర్వాత అప్పలరాజుకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

అంతా చెప్పాను. చివర్లో ఆయన "సరే" అని ఫోన్ పెట్టేశాడు.

క్షమించమని నేనడగలేదు. ఆ సరేకి నాకు నచ్చిన అర్థం చెప్పుకోను. చెప్పాను. ఆయన విన్నాడు.