గంజి పెట్టిన రెక్కలు

మొన్న మ్యూజియంలో ఒక పాత యుద్ధ విమానం చూశాను. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, వాటి నడుమ తీగలు.

"రెక్కలు రేకువి కావమ్మా, బట్టవే. బిగుసుకోవడానికి పూత పూసేటోళ్లు," అన్నాడు గైడు.

సిరిసిల్లలో మా మగ్గం ఇంటి గంజి వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మూడో తరగతిలో అలాంటి విమానం బొమ్మే పుస్తకంలో చూసి, చేసిపెట్టమని బాపు వెంటపడ్డాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తి అరిగిపోయిన నాడె విమానానికి ఒళ్లయింది. వెదురుబద్దలు రెక్కలయ్యాయి. వాటి నడుమ బాపు పోగులు బిగించి కట్టాడు. తీరా రెక్కలకు నేతబట్ట చుట్టి గంజి పూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"విమానానికి బట్టేంది బాపూ? రేకుంటది! బడిల అందరు నవ్వుతరు."

"ఆరనియ్యి బిడ్డా. ఆరినంక డప్పు లెక్క మోగుతది."

"నీకు మగ్గం తప్ప ఏం తెల్వది!"

బాపు మళ్లీ కుంచె గంజిలో ముంచి, రెండో రెక్కకూ ఒక్క ముడత లేకుండా పూశాడు. అంత మాట అన్న బిడ్డ కోసం అంత ఓపిక! ఆ విమానాన్ని నేను బడికి తీసుకుపోనేలేదు.

గైడు అటు తిరిగినప్పుడు రెక్కను గోటితో మెల్లగా మీటాను.

బాపు చెప్పినట్టే మోగింది.