రోబోకి స్పాన్సర్ కోసం కైకలూరు దాకా

కొల్లేరుకి అందరూ పక్షుల కోసం వెళ్తారు. నేను స్పాన్సర్ కోసం వెళ్ళాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచర్ని. డిసెంబరులో విశాఖపట్నంలో జరిగే పోటీకి మా రోబోటిక్స్ జట్టు ఎంపికైంది. ఎంట్రీ ఫీజు, నలుగురు పిల్లల ప్రయాణం, బస కలిపి ముప్పై వేలు కావాలి, అదీ ఆ వారంలోనే. ఊళ్ళో చెప్పులరిగేలా తిరిగాం. ఒక బట్టల కొట్టాయన రోబోని అటూ ఇటూ తిప్పి చూసి, "వినాయక చవితి పందిరైతే ఫ్లెక్సీ కడతారండీ. ఇది టిఫిన్ డబ్బా అంత లేదు, మా కొట్టు పేరు ఎక్కడ వేస్తారండీ?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఏం చేస్తాం, నమస్కారం పెట్టి బయటికొచ్చాం.

చివరికి కొల్లేరు పక్కనున్న కైకలూరులో చేపల మేత అమ్మే ఒక రాజుగారి దగ్గరికి వెళ్ళమని హెడ్మాస్టరు గారు చెప్పారు. నాతో జట్టు కెప్టెన్ రిజ్వానా వచ్చింది. పదో తరగతి. వాళ్ళ నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తారు, రోబోలో ఉన్న బెల్టు ఆయన ఇచ్చిందే. ఏడింటికి బస్సెక్కి, గుండుగొలను మీదుగా ఏలూరు చేరేసరికి ఎనిమిదిన్నర. స్టాండు దగ్గర ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు, మగవాళ్ళు అరవై రూపాయలు దగ్గర పెట్టుకోండి. రిజ్వానా ఒళ్ళో అట్టపెట్టె చూసి కండక్టరు, "ఏంటమ్మా, కోడిపిల్లలా?" అన్నాడు.

"రోబో అండీ."

"కరవదు కదా?" అనేసరికి బస్సంతా నవ్వింది. దారి పొడవునా చేపల చెరువులే.

రాజుగారు ఎంతో మర్యాదస్తులు. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు. రిజ్వానా సిమెంటు నేల మీద నల్ల టేపు అతికించి రోబోని వదిలింది. అది మేత బస్తాల మధ్య గీత తప్పకుండా నడిచి, ఖాళీ డబ్బా ఎత్తి చివర్న పెట్టింది. "అబ్బో! మళ్ళీ ఒకసారి వదులమ్మా!" అంటూ రాజుగారు పక్కనున్న ఐసు కొట్టువాళ్ళని కూడా పిలిచారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక పని అయిపోయినట్టే అనుకున్నాను.

"చాలా బాగుందమ్మా. కానీ ఇప్పుడు నా చేతిలో డబ్బు లేదండీ," అన్నారాయన నా వైపు తిరిగి. "మేత అంతా అరువుకే ఇస్తామండీ. రైతు చెరువు పట్టి చేపలమ్మాక మాకు కడతాడు. అది ఫిబ్రవరిలో గానీ అవదండీ."

"పోటీ డిసెంబర్లో అండీ," అన్నాను.

ఆయన కాసేపు నుదురు రుద్దుకున్నారు. "మరైతే వచ్చే ఏడు జట్టుకయ్యే ఖర్చంతా నాదండీ. మాటిస్తున్నాను."

ఇంకెవరైనా ఎగిరి గంతేసేవారు. నేను రిజ్వానా వైపు చూశాను. ఆ పోటీ పదో తరగతి వరకే. రాజుగారికి ఆ సంగతి తెలియదు. నేను చెప్పబోయేలోగా ఆ పిల్లే, "తొమ్మిదో తరగతి వాళ్ళకి నేను నేర్పుతానండీ. థాంక్సండీ," అంది.

వచ్చినవాళ్ళం వచ్చాం కదా అని ఆటోకి మనిషికి ఇరవై ఇచ్చి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళాం. చెట్లనిండా పెలికాన్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడెళ్ళినా కనువిందే. నాకు మాత్రం మనసు ఉసూరుమంటూనే ఉంది. తిరుగు బస్సులో రిజ్వానా రోబో చక్రాలకి అంటిన మేత పొడి తుడుస్తూ కూర్చుంది. ఏలూరు దగ్గరపడుతుండగా, "మేడమ్, పాత స్టూడెంట్లని పోటీ హాల్లోకి రానిస్తారా అండీ? ఊరికే చూడ్డానికి," అంది.

"రానిస్తార్లే," అన్నాను. నిజానికి నాకు తెలియదు.

గడువు దాటిపోయింది. ఫిబ్రవరిలో రాజుగారు అన్నమాట ప్రకారం ఫోన్ చేసి, వచ్చే ఏడు జట్టుకి డబ్బు సిద్ధమన్నారు, స్కూలంతా సంబరం. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ మెడలో కార్డు వేసుకుని ఆ హాల్లో రిజ్వానా రోబోని వదులుతుంటే చూడాలని నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది. మీరు కూడా పిల్లల కోసం ఇటు చందాకి వస్తే, చెరువులు ఎప్పుడు పడతారో ముందే కనుక్కుని బయల్దేరండి. వెంట ఎనిమిదో తరగతి పిల్లని తీసుకెళ్ళండి. వచ్చే ఏడు ఇస్తామంటే, ఆ పిల్లయితే నవ్వగలదు.