ఆఫీసు కుర్చీలు కోసిన మామయ్య

నిన్న పొద్దున నేను షేర్ టాక్సీలో ఉన్నా. ఒళ్ళో పెద్ద ఫోమ్ రోల్. మామయ్య తెమ్మన్నది. అది అందరికీ అడ్డం. అందరూ నన్నే తిడుతున్నారు.

అమ్మ ఫోన్.

"ఎక్కడున్నావురా? మీ మామయ్య లేడురా."

"సరే" అన్నా.

ఎవరేం చెప్పినా నా నోట్లోంచి ముందు వచ్చేది ఆ మాటే. ఫోన్ పెట్టేశాక అర్థమైంది ఏం విన్నానో.

షాపు తెరిచి, టీ పెట్టుకున్నాడట. గుండె ఆగిపోయింది. టీ తాగలేదు.

నిన్నటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నా. మా ఇంట్లో ప్రతి కుర్చీ, సోఫా ఆయన చేతిదే. వచ్చినవాళ్ళు వాటి మీదే కూర్చుని ఏడుస్తున్నారు. నేను గేటు దాకా వెళ్తున్నా, వస్తున్నా, మళ్ళీ వెళ్తున్నా.

ఈ గ్రూపులో మీకందరికీ రమణ మామయ్య అంటే పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో సోఫాలు బాగుచేసే ఆయన.

కానీ ఆయన ఇండియా నుంచి వచ్చింది కంప్యూటర్ ఉద్యోగానికి. ఇక్కడ తెల్లవాళ్ళ పాలన పోయి, అందరూ ఓటేసిన ప్రభుత్వం వచ్చిన కొత్తలో. అప్పటిదాకా తెల్లవాళ్ళ ఫైళ్ళు వేరు, ఇండియన్లవి వేరు, జులూవాళ్ళవి వేరు. అన్నీ కలిపి ఒక్క సిస్టమ్‌లోకి ఎక్కించాలి. సగం ఎక్కించాక పైవాళ్ళు పద్ధతి మార్చేవాళ్ళు. మళ్ళీ మొదటి నుంచి.

అలా రెండేళ్ళు. అన్నం సహించేది కాదట. బల్ల కింద కాళ్ళు ఊగుతూనే ఉండేవట. "స్క్రీన్ ఆపేసినా కళ్ళల్లో పేర్లు పరిగెత్తేవిరా" అనేవాడు.

ఒకరోజు ఆఫీసులో ఒక కుర్చీ చిరిగింది. బాగుచేయించడానికి మామయ్యే దాన్ని నార్త్‌డేల్‌లో నేతన్ తాత షాపుకి పట్టుకెళ్ళాడు. తాత వాళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో చెరకు తోటల పనికి మన కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. తాత మాట్లాడేది ఇంగ్లిషే. తెలుగులో మిగిలినవి ప్రార్థన, తిండి, తిట్లు.

తాత నోటి నిండా చిన్న మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కోటీ బయటికి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అంటించి టక్‌మని కొడుతున్నాడట. మామయ్య సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత వారం ఇంకో కుర్చీ తెచ్చాడు. ఆ పై వారం ఇంకోటి.

నాలుగోది తెచ్చినప్పుడు తాత చిరుగు మీద వేలు పెట్టి చూశాడు.

"హయి! ఎలక కొరికింది కాదు ఇది. బ్లేడు. నువ్వు కోసింది."

మామయ్య తల దించుకున్నాడట.

"సచ్చినోడా, నాకు కళ్ళు లేదు, వాట్? ఎందుకు కోసింది?"

"ఇక్కడికి రావడానికి."

తాత దగ్గొచ్చేదాకా నవ్వి, స్టూలు చూపించాడట.

"కూకో. కాలు ఊపొద్దు. నోరు తెరువు."

నోట్లో మేకులు పోశాడు. ఆ నెలాఖరుకి మామయ్య ఉద్యోగం మానేశాడు.

అక్కడ అమ్మమ్మ ఏడుపు, ఇక్కడ వీసా గొడవ, ఫ్రెండ్స్ వెక్కిరింపులు. ఇప్పటికీ ఈ కథ మొదలుపెడితే మా అమ్మ లేచి వెళ్ళిపోతుంది.

నేను తొమ్మిదో క్లాసుతో స్కూలు ఆపేశా. క్లాసులో నా పేరు పిలిస్తే చెమటలు పట్టేవి. మామయ్య షాపులో అది లేదు. ఇద్దరి నోళ్ళలోనూ మేకులే. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు.

పోయిన నెల ఒక ముసలావిడ కుర్చీ మొత్తం నాకే వదిలేశాడు. కొత్త కొబ్బరి పీచు నింపి, బల్లలా సమంగా చేశా. బాగా వచ్చిందనుకున్నా.

ఆవిడ వచ్చి చేత్తో తడిమింది. "మా ఆయన కూర్చున్న గుంట ఏది బాబూ?" అని ఇంగ్లిషులో అడిగింది.

ఆయన పోయి రెండేళ్ళట.

నేతన్ తాత పెట్టిన రూల్ ఒకటుంది. కుర్చీ విప్పే ముందు, అందులో ఎవరు కూర్చుంటారో అడగాలి. నేను సిగ్గేసి అడగలేదు.

మామయ్య తిట్టలేదు. నేను పారేసిన పాత పీచు గోతాంలోంచి తీశాడు. పాత గుడ్డ మీద అరిగిన చోటు చూసి, మళ్ళీ ఆ గుంట చేశాం. రెండు రోజులు పట్టింది.

మొన్న గురువారం షాపు మూసేటప్పుడు మామయ్య మళ్ళీ ఆ కుర్చీ సంగతి ఎత్తాడు.

"చేతులొచ్చాయిరా నీకు. నోరే రాలేదు. సోమవారం ఆ ఆఫీసుకి వెళ్ళనని మీ అమ్మకి చెప్పావా?"

ఫైళ్ళు స్కాన్ చేసే పని. అమ్మ ఎవరినో బతిమాలి ఇప్పించింది. నేను "సరే" అనేశా.

"నువ్వే చెప్పు మామయ్యా."

"ఆదివారం భోజనానికొచ్చి చెప్తా. నువ్వు మాత్రం పక్కన నిలబడాలి. గేటు దగ్గరికి పారిపోతే ఊరుకోను."

ఆదివారం అంటే రేపు.

అమ్మా, ఇది నువ్వు చదువుతావు. పక్క గదిలోనే ఉన్నావు. ఎదురుగా నాకు మాట రాదు.

సోమవారం నేను వెళ్ళను.

సరే అన్నా. కానీ వెళ్ళను.

షాపులో ఒక సోఫా సగం విప్పి ఉంది. దాని చెక్క మీద మామయ్య సుద్దతో రాసి పెట్టాడు, "పెద్దాయన, మోకాళ్ళ నొప్పి, ఎత్తుగా కావాలి" అని. ఫోమ్ రోల్ నా దగ్గరే ఉంది.

కోప్పడు. ఈసారి గేటు దగ్గరికి వెళ్ళను. ఇక్కడే నిలబడతా.

మామయ్యా, కాళ్ళు ఊపింది చాలు.

కూకో. ఇంక నెమ్మదిగా కూకో.