గోడదూకే రిఫ్కీ తాత, చిల్లుగిన్నె పాటలు

చిల్లుగిన్నె బృందం పాటల గురించి మా రిఫ్కీ తాతకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఆ పాటలు కట్టినవాళ్ళకు అసలే తెలియదు. ఒకసారి ఆ బృందంలో గిటారు వాయించే ఆయన తాతను రేవులో పట్టుకుని, "అన్నా, మా 'బండరాళ్ళ వాన' గొప్ప పాటేనంటావా?" అని బెంగగా అడిగాడట. గొప్పదే అని తాత గంటసేపు రుజువు చేశాడట. ఆయన ఊపిరి పీల్చుకుని, "నేనూ అదే అనుకున్నాను" అన్నాడట. "నువ్వూ అనుకున్నావా? అయితే మళ్ళీ ఆలోచించాలి" అని తాత ఇంకో గంటసేపు అది పనికిరాని పాటని రుజువు చేశాడట. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ బృందం కొత్త పాట కట్టలేదు. ఇది తాత నోటివెంట విన్న మాట. ఇందులో సగం కొట్టేసినా ఇంకా చాలానే మిగులుతుంది.

మా తాతకున్న జబ్బు అదొక్కటే. పాటల మీద వాదన మొదలైందంటే ఒకవైపు నిలవడు. తాను చేరిన పక్షం గెలిచే సూచన కనపడగానే లేచి అవతలికి పోతాడు. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. మా ఊరి నడుమ సముద్రపు పాయ ఉంది, ఇటు గట్టు ఆసియా, అటు గట్టు ఐరోపా. రెంటి మధ్యా తిరిగే స్టీమరు రేవుకు తగలకముందే తాడు పట్టుకుని గట్టు మీదికి దూకడం ఆయన పని. "పొద్దున ఆసియాలో, మధ్యాహ్నం ఐరోపాలో, సాయంత్రం మళ్ళీ ఆసియాలో తేలిన మనిషి. ఒకవైపు ఉండమంటే ఎలా ఉంటాడే?" అంటుంది నానమ్మ.

కాదికోయ్ రేవు వెనకవీధిలో ఒక టీ దుకాణం ఉంది. చిల్లుగిన్నె అభిమానులంతా ఆదివారాలు అక్కడే చేరతారు. బృందం ఎప్పుడో చెదిరిపోయింది గానీ వాదన మాత్రం పొయ్యి మీద నుంచి ఇప్పుడే దించినట్టుంటుంది. గోడవైపు బల్లలు రాళ్ళవాళ్ళవి. వాళ్ళకు పన్నెండు నిమిషాల "బండరాళ్ళ వాన" తరవాతే ఏదైనా. కిటికీవైపు బల్లలు ఓడవాళ్ళవి. "నిద్రపోని ఓడ" విని కళ్ళు చెమర్చనివాణ్ణి వాళ్ళు మనిషిగానే లెక్కపెట్టరు.

"ఓడ పాటలో ఆ వేణువు ఉంది చూశారూ..." అని కిటికీ దగ్గర ఒక్కడు మొదలుపెడతాడు.

"వేణువా? అది కెటిల్ కూతరా!" అని గోడవైపంతా గొల్లుమంటుంది.

తాత టీ గ్లాసు పట్టుకుని కిటికీవైపు వెళ్ళి కూర్చుంటాడు. "కెటిల్ కూతే. అయితే ఏం? నడిసముద్రంలో, చలిలో, టీ మరుగుతున్న చప్పుడుకన్నా తియ్యటి సంగీతం మీ జన్మలో విన్నారా?"

రాళ్ళవాళ్ళు ఆలోచనలో పడతారు. ఒక్కొక్కడే "అదీ నిజమే" అంటూ ఇటు జరుగుతాడు. చివరికి గోడ దగ్గర ఒకే ఒక్కడు మిగులుతాడు. తాత మళ్ళీ గ్లాసు పట్టుకుని లేస్తాడు.

"ఎక్కడికి, రిఫ్కీ అన్నా?"

"అటు."

"ఇప్పుడేగా కెటిల్ సంగీతమన్నావు!"

"అన్నాను. టీ అయిపోయింది."

సాయంత్రానికి ఎవరు ఏ పాటను పొగుడుతున్నారో ఎవరికీ అంతుపట్టదు. కొందరైతే ఇంటికెళ్ళి, "ఒసేయ్, నేను ఓడవాణ్ణా, రాళ్ళవాణ్ణా?" అని భార్యల్ని అడిగేవాళ్ళు.

రెండు పక్షాలూ కలిసి తిట్టే పాట ఒకటే ఉంది. దాని పేరు "మా వీధి గాడిద". రికార్డింగు రోజు గాయకుడికి గొంతు పోతే డ్రమ్ములు వాయించేవాడు పాడేశాడు. శ్రుతి ఒక వీధిలో పోతుంటే ఆయన ఇంకో వీధిలో పోతుంటాడు. పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది. అదే దాని గొప్పతనమని అందరూ అనేవాళ్ళు.

రాళ్ళవాళ్ళకు పెద్ద హుల్కీ. ఊరగాయల దుకాణం ఆయనది. ఆయన కూతురు నిల్హాన్, లిఫ్టులు బాగుచేసే జెవ్‌హెర్‌ను చేసుకుంటానంది. మంచి కుర్రాడే. అయితే అంతకుముందు నిల్హాన్‌ను అడగవచ్చిన పళ్ళ డాక్టరూ మంచివాడే. మాటల మధ్యలో "బండరాళ్ళ వాన కొంచెం పొడవేమో" అన్నాడు. అతను తెచ్చిన చాక్లెట్ల పెట్టె తిరిగి చేతిలో పెట్టి హుల్కీ అతన్ని మెట్ల దాకా సాగనంపాడు.

పిల్లనడగడానికి అబ్బాయి తరఫున ఇంటిపెద్ద వెళ్ళాలి. జెవ్‌హెర్‌కు తండ్రి లేడు, తాత లేడు. అందుకని వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి రిఫ్కీ తాతను రమ్మని అడిగింది.

"నీకు ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా, తల్లీ?" అంది నానమ్మ, తాత ఎదుటే.

"పెద్దవారు. నలుగురిలో మాట్లాడగలరు," అంది ఆమె.

"అదే భయం," అంది నానమ్మ.

దారి పొడుగునా తాతకు పాఠం చెప్పడం నా పని. "తాతా, నువ్వు చెప్పాల్సింది ఒక్క వాక్యం. దేవుడి ఆజ్ఞతో, ప్రవక్త మాటతో మీ అమ్మాయిని మా అబ్బాయికి అడుగుతున్నాం. అంతే. ఆ తరవాత నోరు కాఫీకి మాత్రమే తెరవాలి."

"తెలుసులేవే. నేనేమన్నా పసివాణ్ణా?"

జెవ్‌హెర్‌కు చెప్పాల్సిన పాఠం ఇంకా చిన్నది: "ఏ పాటంటే ఇష్టమని అడిగితే, బండరాళ్ళ వాన అను." కుర్రాడు పూలగుత్తి పట్టుకుని వీధంతా "బండరాళ్ళ వాన, బండరాళ్ళ వాన" అని గొణుక్కుంటూ నడిచాడు.

హుల్కీ ఇంట్లో అంతా సవ్యంగానే మొదలైంది. నిల్హాన్ కాఫీ తెచ్చింది. ఓర్పు చూడడానికి పెళ్ళికొడుకు కప్పులో ఉప్పు వెయ్యడం మా దగ్గర మామూలే. తండ్రి ఊరగాయల వ్యాపారి కావడంవల్లనో ఏమో, ఆ అమ్మాయి ఉప్పు విషయంలో లోటు చెయ్యలేదు. జెవ్‌హెర్ ముఖం చిట్లించకుండా అడుగుదాకా తాగాడు. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారాయి.

హుల్కీ మెచ్చుకోలుగా చూసి అడిగాడు. "చెప్పు బాబూ. చిల్లుగిన్నెలో నీకిష్టమైన పాటేది?"

జెవ్‌హెర్ నోరు తెరిచాడు, మూశాడు, మా అందరినీ చూశాడు. "బాబాయ్‌గారూ, మీ ఇంటి ఉప్పు ఇంత తాగి అబద్ధం చెప్పలేను. నాకు గాడిద పాట ఇష్టమండీ."

జెవ్‌హెర్ అమ్మ "వీడికి జ్వరంగా ఉందండీ" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నిల్హాన్ పళ్ళెం వెనక ముఖం దాచుకుంది. హుల్కీ మేము తెచ్చిన చాక్లెట్ల పెట్టె కోసం చెయ్యి చాచాడు. సోఫా మధ్యలో కుర్రాడు ఒంటరిగా మిగిలాడు.

తాత కాఫీ కప్పు పట్టుకుని లేచాడు. వెళ్ళి జెవ్‌హెర్ పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఒక్క వాక్యం!" అన్నాను.

"హుల్కీ, గాడిద బాధ కోయిల చేత పాడిస్తావా?" అన్నాడు తాత. "శ్రుతిలో ఓండ్రపెట్టే గాడిదను నువ్వెక్కడైనా చూశావా? పాట రాని మనిషి ధైర్యం చేసి పాడాడు. బృందం మొత్తానికీ నిజం చెప్పింది ఆ డ్రమ్ములవాడొక్కడేనయ్యా!"

మొదట హుల్కీ భార్య మెబ్రూరె దగ్గింది. "చెబితే కోప్పడతారని ఊరుకున్నాను. ఆ గాడిద పాటంటే నాకూ ఇష్టమే. మీ రాళ్ళవాన అయ్యేలోపు పొయ్యి మీద అన్నం మాడిపోతుంది."

"నాకూ ఇష్టమే నాన్నా," అంది నిల్హాన్ పళ్ళెం వెనకనుంచి.

జెవ్‌హెర్ అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "మావాడికి జ్వరమేమీ లేదు!" అంది. అప్పటికే ఎవరో ఓండ్రపెట్టారు. మరెవరో కాదు, నేనే. గదంతా నవ్వులు. ఆ నవ్వుల్లో హుల్కీ ముఖం చూశాను. తన ఇంట్లో, తన కళ్ళెదుటే, జీవితమంతా నెత్తిన పెట్టుకున్న పాటను చూసి సొంత భార్యాబిడ్డలే నవ్వుతున్నారు. ఆయన బెల్లంకొట్టిన రాయిలా కూర్చుని ఖాళీ కప్పులోకి చూస్తున్నాడు.

తాత కప్పు పట్టుకుని మళ్ళీ లేచాడు.

"వద్దు తాతా!" అని నేను కోటు పట్టుకున్నాను. విదిలించుకుని వెళ్ళి హుల్కీ పక్కన కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"పొడవంటారా?" అన్నాడు మా అందరివైపూ తిరిగి. "వాన ఎప్పుడు ఆగాలో చెప్పడానికి మీరెవరు? అన్నం మాడితే మంట తగ్గించుకోవాలి గాని పాట తగ్గిస్తారా? హుల్కీ అనుకున్నదే సబబు. ఇలాంటి చెవులున్నవాడికి పిల్లనెలా ఇస్తాం?"

"అయ్యా! మీరు మా తరఫున వచ్చారండీ!" అని జెవ్‌హెర్ అమ్మ గుండె పట్టుకుంది.

"వచ్చానమ్మా. ఇప్పుడు ఇటొచ్చాను."

హుల్కీ తికమకపడ్డాడు. "ఉండు, రిఫ్కీ అన్నా. పిల్లనడగడానికి వచ్చింది నువ్వు. ఇవ్వొద్దంటున్నదీ నువ్వేనా?"

"ఇవ్వొద్దు."

"నా కూతురి సంగతి చెప్పడానికి నువ్వెవరివయ్యా? ఇస్తాను! ఈ ఇంట్లో నాకు అబద్ధం చెప్పనిది వీడొక్కడే. ఏమే మెబ్రూరె, ఉంగరాలు తే!"

గదిలో పెళ్ళి వద్దన్నవాడు తాతొక్కడే మిగిలాడు. అప్పుడు జెవ్‌హెర్ లేచాడు. ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని వచ్చి తాత కాళ్ళ దగ్గర తివాచీ మీద కూర్చున్నాడు.

"నేను తాతగారి వైపండీ," అన్నాడు వినయంగా.

"ఏమిటీ? మన పెళ్ళి వద్దా నీకు?" అంది నిల్హాన్. పళ్ళెం కింద పడింది.

"వద్దని కాదు. పాపం, ఆయనొక్కరే ఉన్నారని..."

తాత కుర్రాడివైపు చూశాడు. తన విద్య తనమీదే ఎవరైనా ప్రయోగించడం అదే మొదటిసారి కాబోలు. "అయితే నేను అటు," అని లేచి, మరచిపోయిన ఆ ఒక్క వాక్యం గబగబా చెప్పేసి, పెద్దమనిషి చెయ్యాల్సినట్టే, నిశ్చితార్థపు ఉంగరాలు రెంటినీ కలిపి కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరించాడు.

తిరిగొచ్చేటప్పుడు నాకు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. టీ దుకాణంలో ఆయన గ్లాసు పట్టుకుని దూకిన ప్రతిసారీ అవతల ఎవడో ఒక్కడే మిగిలి ఉండేవాడు.

"తాతా, నీ గుట్టు తెలిసిపోయింది," అన్నాను. "వాదనలో ఎవరూ ఒంటరిగా మిగలకూడదని వాళ్ళ పక్కకు వెళతావు. నీ మనసు వెన్న. ఇదంతా రాసి నలుగురికీ చెబుతాను."

తాత మెట్ల దగ్గర ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"వెన్నా లేదు, మీగడా లేదు. గుంపులో కూర్చుంటే నా గొంతు నాకే వినపడదే. నోరు మూసుకుని నడు."